వేడి చూడని నీళ్లు

మొన్న నంద్యాలలో మా వీధి మొగదల ఒక కుర్రాడు కొత్తగా అంగడి తెరిచాడు. నాటుకోళ్లు, వాటి పిల్లలు, మేత అమ్ముతాడు. మోకాళ్లు నొప్పెట్టి అతని అరుగు మీద కాసేపు కూర్చుంటే, చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి ఒక పెట్టె చూపించాడు. తెల్లటి పెట్టె, ముందు అద్దం, లోపల దీపం. గుడ్లు వరసగా పేర్చి ఉన్నాయి. పెట్టె నెత్తిన ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి.

"పొదిగేదానికి పెట్టతో పన్లేదు తాతా. ఆ అంకె తప్పకుండా చూసుకుంటే చాలు. రవ్వంత వేడెక్కువైనా లోపల్నే చచ్చిపోతాయి" అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. నీళ్లు తెప్పిస్తా కూర్చోమన్నా వినలేదు. ముసలాయనకు కొత్త సరుకు గిట్టలేదు అనుకొని ఉంటాడు. అనుకోనీ. ఆ పిల్లవాడు తెలియక అన్న మాటను ఎనభై దగ్గర పడుతున్న నేను ఎంతకాలంగా మోస్తున్నానో అతనికి ఎలా చెప్పేది?

నేను పెద్ద చదువులు చదవలేదు. ఐదో తరగతితో బడి మాన్పించి మా నాయన నన్ను అంగట్లో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నా బడి అంతా పొట్లాలు కట్టే పాత కాగితాలే. చింతపండు కట్టే ముందు కాగితం చదివేవాణ్ణి, మిరపకాయలు కట్టే ముందు చదివేవాణ్ణి. చాలా కథలకు నాకు మొదలు తెలుసు, చివర ఎవరింటికో పోయింది. అందుకే రాతలో ఒప్పులూ తప్పులూ నన్ను అడగవద్దు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది అప్పట్లో ఆళ్లగడ్డ. కర్నూలు రాజధాని అయిందని పెద్దవాళ్లు మా అంగడి అరుగు మీద పూటలు పూటలు మాట్లాడుకునే కాలం. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. పెరటికి నడుమెత్తు నాపరాళ్ల గోడ. గోడకు ఇటు మేము, అటు అవ్వ. మా అవ్వ కాదు. వాళ్లు సేద్యం చేసే వాళ్లు. వీధిలో అందరూ అవ్వా అంటారు కాబట్టి నేనూ అవ్వా అనేవాణ్ణి.

మాది శెట్ల ఇల్లు. గుడ్డు అనే మాట కూడా మా అమ్మ నోట పలికేది కాదు. 'అవి' అనేది. పల్లెల నుంచి ఆడవాళ్లు ఒడిలో గుడ్లు పెట్టుకొని వచ్చి ఉప్పు ఇమ్మంటే, మా నాయన దండం పెట్టి ఎదురుగా ఉన్న సాయిబు అంగడికి పొమ్మనేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు కోళ్ల పిచ్చి ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. మా అంగట్లో ఎప్పుడూ బెల్లం బుట్టలు, ఇంగువ, చెనిక్కాయ చెక్క, కిరసనాయిలు కలగలిసిన ఒకటే వాసన. గోడ ఎక్కి అటు దిగితే వేరే లోకం. వేపాకు పొగ, తడి ఊక, అవ్వ చుట్ట, కోడి రెక్క కింది వెచ్చటి వాసన. ఆ చివరి వాసన ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేను. ఎండలో ఆరిన దుప్పటిలో మొహం పెట్టుకుంటే కొంచెం దగ్గరికి వస్తుంది.

అవ్వ కోళ్లగూడు ఆమె పెనిమిటి బతికుండగా కట్టింది. ఈ కాలం వాళ్లు ఇనుప వల బిగించి అందులో కోళ్లను కుక్కి దాన్ని షెడ్డు అంటున్నారు. తిరగడానికి లేదు, తవ్వుకోవడానికి లేదు. అవ్వ గూడు అది కాదు. మూరెడు ఎత్తు మట్టి తిన్నె, దాని మీద నాలుగు నాపరాళ్లు నిలబెట్టి, సందుల్లో బంకమట్టి మెత్తి, పైన ఒక పెద్ద బండ పరిచాడు ఆయన. ముంగిస తవ్వలేదు, పాము దూరలేదు. లోపల అడ్డంగా రెండు కర్రలు. పొద్దు వాలేసరికి కోళ్లన్నీ వాటంతట అవే వచ్చి ఆ కర్రల మీద వాటి వాటి చోట్లలో కూర్చునేవి. చోటు మారితే తగాదా. ఎండాకాలం పైబండ పెనంలా కాలుతుందని అవ్వ దాని మీద జొన్నచొప్ప పరిచి నీళ్లు చల్లేది. పేలు పట్టకుండా పొయ్యి బూడిద, పొగాకు కాడలు వేసేది. ఆ గూటి ముందు కూర్చుంటే నాకు ఆకలి తెలిసేది కాదు.

"శెట్టి కడుపున పుట్టి కోళ్ల కాడ ఏం పనిరా నీకు? పో, పోయి కాటా పట్టుకో" అని వెక్కిరించేది అవ్వ.

"నువ్వు పిలిస్తేనే గదా వచ్చినా."

"నేను పిలిచింది నూకలకు. నూకలు ఆడ పెట్టి పో."

అంగడి ఊడ్చిన నూకలు, కొర్రలు, సజ్జలు చొక్కా అంచులో మూట కట్టుకొని పోయేవాణ్ణి. ఒక్కోసారి ఊడ్చినవి తక్కువైతే సంచిలోవి కొంచెం కింద పోసి, తర్వాత ఊడ్చేవాణ్ణి. ఒకసారి గుడ్డు పగిలి మూడు రోజులైన పిల్లను వదల్లేక చొక్కాలో వేసుకొని అంగట్లోకి వచ్చేశాను. మా నాయన ఒక రెడ్డికి బెల్లం తూస్తున్నాడు. నా కడుపు మీద పిల్ల కీచుమంది. రెడ్డి బెల్లం దిమ్మె వైపు చెవి పెట్టి, "ఏం శెట్టీ, నీ బెల్లం అరుస్తాందే?" అన్నాడు. మా నాయన నవ్వలేదు. ఆ రోజు మా అమ్మ నన్ను బావి దగ్గర నిలబెట్టి తల మీద ఎన్ని చేదలు పోసిందో లెక్క లేదు. నా జుట్టులో ఈక ఉందా అని రోజూ వెతికేది.

అయినా అవ్వ నన్ను పోనిచ్చేది కాదు. నా అవసరం ఆమెకు ఉంది. ఆమె కళ్లు మసక. దానికి మించి చేతులు. పొయ్యిలోంచి నిప్పుకణిక వేళ్లతో తీసి చుట్ట అంటించుకునేది. నేను ఉలిక్కిపడి, "కాలదా అవ్వా?" అంటే, "ఈ చేతులు చచ్చి శానా ఏండ్లాయ అబ్బీ. ఏం పట్టుకున్నా వేడి తెలీదు" అనేది.

ఆ కళ్లతో, ఆ చేతులతో కోళ్లను పొదిగించడం కష్టం. పెట్ట పొదుగుకు వచ్చి రెక్కలు విప్పుకొని కరకరమంటుంటే, వెదురుగంపలో ఇసుక పోసి, పైన జొన్నాకు పరిచి, గుడ్లను బేసిగా పెట్టేది. ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనుపమేకు, రెండు ఎండు మిరపకాయలు పక్కన దూర్చేది. ఆ రోజు నుంచి వారానికో సంత చొప్పున మూడు సంతలు లెక్క. మూడో సంతకు రెండు రోజుల ముందు నీళ్ల పరీక్ష. వెడల్పాటి సత్తు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి గుడ్లను మెల్లగా వదిలితే, ప్రాణం ఉన్న గుడ్డు నీళ్ల మీద చిన్నగా కదులుతుంది. లోపల పిల్ల కాళ్లు చాచుతుందన్నమాట. కదలనిది చెడిపోయినట్టు. దాన్ని తీసేస్తే పెట్ట వెచ్చదనమంతా మిగతావాటికి. ఆ నీళ్ల వేడి చూడడం నా పని. ఏ గుడ్డు కదిలిందో చెప్పడం నా పని.

"మోచేయి ముంచి చూడు. పసిబిడ్డకు పోసే నీళ్ల మాదిరి ఉండాల. రవ్వంత చురుక్కుమన్నా చల్లనీళ్లు కలుపు" అని ప్రతిసారీ చెప్పేది. నేను ముంచేవాణ్ణి, చెప్పేవాణ్ణి, తర్వాత బావి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కొని ఇంట్లోకి పోయేవాణ్ణి. మూడు ఏళ్లు అలా చేశాను. ఒక్కసారీ తప్పు పోలేదు.

ఆ తర్వాతి సంవత్సరం ఎండలు ముదరకముందే కొక్కెర తెగులు వచ్చింది. ఇవాళ పొద్దున తిరిగిన కోడి మధ్యాహ్నానికి మెడ వాల్చేసేది. అవ్వ ఉల్లిగడ్డ నూరి పోసింది, పసుపునీళ్లు తాగించింది, వేపాకు పొగ వేసింది. వారం తిరక్కుండా గూడు ఖాళీ. మిగిలింది ఒక్క నల్లపెట్ట. ఆ బండల గూటిలో ఒక కర్ర మీద ఒక్కటే కూర్చునేది, అదీ తన పాత చోట్లోనే.

ఆ కోళ్లే అవ్వకు బతుకు. పెనిమిటి పోయినాక, చారులో ఉప్పు ఎక్కువైందన్న మాట మీద కోడలితో గొడవపడి వేరు పొయ్యి పెట్టుకుంది. కొడుకు కోడలు అదే వాకిట్లో ముందర ఇంట్లో, ఈమె వెనక కొట్టంలో. గుడ్లు, పెట్టలు అమ్ముకొని తన జొన్నలు తను కొనుక్కునేది. ఒకరిని చెయ్యి చాచి అడిగిన మనిషి కాదు. కోళ్లు పోయినాక కొడుకు వచ్చి, "ఇంగ మా పొయ్యి కాడికి రామ్మా" అన్నాడు. ఈమె తన పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

కోడలు మంచిది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. నేను అక్కా అనేవాణ్ణి. ఆమె పుట్టినిల్లు కోయిలకుంట్ల పక్క పల్లె. అక్కడికి తెగులు రాలేదు. ఎవరూ చెప్పకుండానే బండెక్కి పోయి, పొట్టు పోసిన గంపలో పదమూడు గుడ్లు పెట్టుకొని, ఆ కుదుపులకు పగలకుండా దారంతా ఒళ్లోనే మోసుకొచ్చింది. తెచ్చి అత్త ముందు పెట్టింది.

అవ్వ ఒక్కొక్కటే చెంపకు ఆనించుకొని చూసింది. చివరికి, "చూడు పిల్లా, ఇవి పిల్లలై లేచినాయంటే నా పొయ్యి నాది. లేయకుంటే నీ గడప తొక్కుతా, నీ చేతి కూడు తింటా. సరేనా?" అంది.

కోడలు నవ్వింది. "అయితే లేయకూడదని మొక్కుకుంటాలే అత్తా."

అవ్వ కూడా నవ్వింది. ఉప్పు గొడవ అయినాక వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ మూడు వారాలూ కోడలు రోజూ గుప్పెడు కొర్రలు తెచ్చి నల్లపెట్టకు వేసేది. ఒకరోజు చారు కూడా తెచ్చింది. "ఉప్పు చూసే వేసినా" అని గిన్నె పెట్టి పోయింది. అవ్వ తాగింది.

నీళ్ల పరీక్ష చేయాల్సిన రోజునే మా తాత తద్దినం వచ్చింది.

మా ఇంట్లో తద్దినమంటే పొద్దున్నుంచీ అందరికీ భయమే. బావి దగ్గర తడిపి పిండిన పంచె నాకు కట్టి, "దేన్నీ ముట్టొద్దు. అయ్యవారు వచ్చేదాకా ఈడ్నే కూర్చో" అని మా అమ్మ వసారాలో కూర్చోబెట్టింది. లోపల గారెల పిండి రుబ్బుతున్న చప్పుడు, నెయ్యి కాగుతున్న వాసన. తడి పంచె కాళ్లకు అంటుకొని దురద. అప్పుడు గోడ అవతల నుంచి అవ్వ గొంతు.

"చిన్న శెట్టీ! ఓ చిన్న శెట్టీ! బేగా రా, నీళ్లు చల్లారిపోతాయి."

నేను అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. పంచె ఎగ్గట్టుకొని గోడ ఎక్కి దిగాను. అవ్వ గంప నుంచి పెట్టను ఎత్తి పక్కన పెట్టింది. సత్తు గిన్నెలో నీళ్లు. ఆవిరి లేస్తోంది, కానీ ఎక్కువ లేదు.

"మోచేయి పెట్టు" అంది.

నేను పెట్టలేదు. అది గుడ్ల గిన్నె. మూడేళ్ల నుంచి అందులో గుడ్లే తేలాయి. ఆ నీళ్లు ముట్టుకుంటే గుడ్డు ముట్టినట్టే. గుడ్డు ముట్టి తాత పిండం దగ్గర కూర్చుంటే ఏమవుతుందో మా అమ్మ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అందుకే ఎక్కువ భయం. మిగతా రోజుల్లో కడుక్కోవచ్చు. ఆ రోజు బావి దగ్గర కనబడితే వసారాలోంచి ఎందుకు లేచావని అడుగుతారు. ఇదంతా నా బుర్రలో తిరగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆవిరి చూశాను. పర్వాలేదు అనిపించింది. అనిపించిందని రాస్తున్నాను గానీ, నిజానికి అనిపించాలని కోరుకున్నాను.

"చూసినావా?"

"చూసినా అవ్వా. సరిపోయింది."

ఆమె గుడ్లు ఒక్కొక్కటే వదిలింది. వేళ్లు నీళ్లలో మునిగాయి. ఆమెకు ఏమీ తెలియలేదు. నేను చేతులు వెనక కట్టుకొని వంగి చూశాను.

అలా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. మామూలుగా అయితే ఒక గుడ్డు కొంచెం వణుకుతుంది, ఇంకొకటి ఒకసారి తిరిగి ఊరుకుంటుంది, వెతుక్కోవాలి. ఆ రోజు పదమూడూ కదిలాయి. గిన్నె అంచులకు కొట్టుకున్నాయి. ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నీళ్ల మీద సుడులు లేచాయి.

"ఎగుర్తాండాయి అవ్వా! అన్నీ ఎగుర్తాండాయి!" అని నేను చప్పట్లు కొట్టాను.

"అన్నీనా?"

"పదమూడూ! ఒక్కటి గూడా ఊరికే లేదు!"

"ఉండనీ, ఇంగ రవ్వంతసేపు ఉండనీ. మళ్లా చూసి చెప్పు, సరిగ్గా చూడు" అంది అవ్వ. ఆమె మొహం వెలిగిపోతోంది. కళ్లు సరిగ్గా కనబడకపోయినా గిన్నె వైపు వంగి, చెవితో వింటున్నట్టు ఉంది. కొంచెంసేపటికి అవి నెమ్మదించాయి. "ఇప్పుడు అలిసిపోయినాయి" అన్నాను నేను. ఆ మాట నేనే అన్నాను.

ఆమె వాటిని తీసి తుడిచి గంపలో సర్దుతుండగా కోడలు కొర్రలు తీసుకొని వచ్చింది. "ఎన్నత్తా?" అంది. అవ్వ నవ్వుతూ, "పదమూడు!" అంది. "మెల్లగ చెప్పు, దిష్టి తగుల్తాది" అని కోడలు కూర్చొని, గంపలోకి తొంగి చూసి, నల్లపెట్టను ఎత్తి మెల్లగా గుడ్ల మీద దించింది. అంతే ఆమె చేసింది.

నేను గోడ దూకి వచ్చి తద్దినంలో కూర్చున్నాను. గారెలు ఆరు తిన్నాను.

మరుసటి రోజు పొద్దున నూకలు పట్టుకొని పోతే, అవ్వ కుడిచేతి వేళ్లు నాలుగూ పొక్కులు. గోళ్ల చుట్టూ తెల్లగా ఉబ్బి ఉన్నాయి. "పొయ్యి కాడ తగిలినట్టుంది. యాడ తగిలిందో గూడా తెలీదు చూడు" అని తేలిగ్గా నవ్వింది.

నాకు తెలుసు. చూసిన క్షణమే తెలుసు. పదేళ్ల పిల్లవాడికి అర్థం కాదని పెద్దవాళ్లు అంటుంటారు. అబద్ధం. నూకలు అక్కడే పోసి పారిపోయి వచ్చాను. గంపలో నల్లపెట్ట రెక్కలు విప్పుకొని కూర్చొనే ఉంది.

సంత రోజు వచ్చింది. గుడ్డు పగల్లేదు. అవ్వ చెవి పెట్టి విన్నది. "ఎండ తక్కువుంది, ఒకరోజు అటూ ఇటూ" అంది. మరో రోజు పోయింది. ఇంకొకటి. నాలుగో రోజు పెట్ట మేత కూడా మానేసింది. దాని రొమ్ము ఎముక చేతికి తగులుతోందని అవ్వ చెప్పింది. ఐదో రోజు ఒక గుడ్డు తీసి రాతి మీద కొట్టింది. నేను గోడ మీద కూర్చొని ఉన్నాను. లోపల నిండు పిల్ల. ముక్కు ఉంది, గోళ్లు ఉన్నాయి, తడి ఈకలు ఉన్నాయి. అవ్వ వేలితో తడిమి చూసింది. ఇంకొకటి కొట్టింది. ఇంకొకటి. ఒక్కటీ మురిగిపోలేదు. అన్నీ లేవాల్సిన పిల్లలే.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏందత్తా, ఏమాయ?"

అవ్వ తలెత్తింది. "నీ మొక్కు తీరింది."

"ఏం మొక్కు?"

"లేయకూడదని మొక్కుకుంటానంటివి గదా. ఆ పొద్దు వచ్చి గంపలో తొంగి చూస్తివి. పెట్టను ఎత్తితివి. ముట్టులో ఉండి వస్తివా? నిజం చెప్పు."

"అయ్యో, లేదత్తా! ఆ మాట ఏదో ఎగతాళికంటి! నేనే గదా తెచ్చింది, ఒళ్లో పెట్టుకొని తెచ్చినా గదా!"

"నా పొయ్యి ఆర్పేదానికి తెచ్చినావు. పదమూడూ ఎగిరినాయి. శెట్టి పిలగాడు చూసినాడు, అడుగు. నువ్వొచ్చినాకనే అణిగినాయి."

కోడలు నా వైపు చూసింది. అవ్వ కూడా, సరిగ్గా కనబడకపోయినా, గోడ వైపు మొహం తిప్పింది. వీధిలో ఆడవాళ్లు అప్పటికే చేరారు.

"ఎగిరినాయా లేదా అబ్బీ?" అంది అవ్వ.

"ఎగిరినాయి" అన్నాను. అది నిజం. అంతవరకే నిజం. మిగతాది చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అంతలో కోడలు ఏడుపు, చుట్టూ ఆడవాళ్ల గుసగుసలు, ఎవరో "కన్ను అంటే అట్లుంటాది" అనడం. నేను గోడ దిగి ఇంట్లోకి వచ్చేశాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేనప్పుడు మా నాయనకు చెప్పాను. నీళ్లు, ఆవిరి, పొక్కులు, అన్నీ చెప్పాను. ఆయన శనగలు జల్లెడ పడుతున్నాడు. జల్లెడ ఆపాడు.

"గుడ్డు ముట్టినావా?"

"లేదు నాయనా."

"ఆ నీళ్లు?"

"లేదు."

ఆయన ఊపిరి వదిలాడు. "చాలు. తద్దినం చెడలేదు. ఇంగ ఈ మాట యాడా అనొద్దు."

"అక్కను అంటాండారు నాయనా."

"వాళ్లింటి గొడవ వాళ్లది. మనం వాళ్లకు అంగడోళ్లం. తప్పు మన మీదికి తెచ్చుకుంటే రేపు ఈ గడపకు ఎవరొస్తారు?" అని మళ్లీ జల్లెడ ఊపాడు.

మా నాయన చెడ్డవాడు కాదు. శనివారం శనివారం చీమల పుట్ట దగ్గర చక్కెర చల్లి వచ్చేవాడు. కాలి కింద పురుగు పడితే నొచ్చుకునేవాడు. అలాంటి మనిషికి ఆ పదమూడు ప్రాణాలు లెక్కలోకి రాలేదు. ఒక ఆడమనిషి పేరు లెక్కలోకి రాలేదు. నా చెయ్యి తడవలేదన్నదే వచ్చింది. ఇదేం పుణ్యమో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మడి మడి అని నీళ్లు పోసుకునే వాళ్లను చూస్తే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ మంట ఎవరి మీద? నాయన నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నది నేను. నిజం చెప్పాలంటే, ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆ సాయంత్రం అన్నం తిన్నాను.

అవ్వ మళ్లీ కోళ్లు పెట్టలేదు. నల్లపెట్టను ఎవరికో ఇచ్చేసింది. కోడలి పొయ్యి దగ్గరికీ పోలేదు. పత్తి ఏరడానికి, కలుపుకు ఆ కళ్లతోనే కూలికి పోయింది. గోడ దగ్గరికి వచ్చి రెండుసార్లు నన్ను పిలిచింది. నేను పలకలేదు. రెండేళ్లకు జ్వరంతో పడింది. చివరి పూట కోడలు గ్లాసుతో నీళ్లు పెడితే పెదవులు బిగించుకుందట. పక్కింటామె వచ్చి పోస్తే తాగిందట. మా అమ్మ వసారాలో కూర్చొని ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

తర్వాత మేము నంద్యాలకు వచ్చేశాం. అంగడి, పెళ్లి, పిల్లలు. నలభై దగ్గర పడుతుండగా ఒక పెళ్లికి ఆళ్లగడ్డ పోయినప్పుడు, భోజనాలు అయినాక కాళ్లు వాటంతట అవే ఆ వీధికి పోయాయి. అవ్వ కోడలు ఇంటి ముందు కూర్చొని చింతకాయలు కొడుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టింది.

"చిన్న శెట్టివి గదా? కూర్చో."

కూర్చొని చెప్పాను. ఆమె రాయి పక్కన పెట్టి అంతా విన్నది. అయిపోయాక చింతగింజలు ఒక పక్కకు ఊడ్చింది.

"ఆ పొద్దు చెప్పలేదంటే సరే. పిలగానివి. మీసాలొచ్చినాక నోరు రాలేదా?"

నేను దూరంగా పడ్డ చింతకాయ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను.

"నా చేతి నీళ్లు తాగకుండా పోయిందబ్బీ ఆమె. ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలీదా నేను చేయలేదని? నాకెందుకు చెప్తాండావు? వాళ్లకు చెప్పు పో." పక్కింటి వైపు గడ్డం ఎత్తి చూపించింది.

పక్కింటి వసారాలో ముగ్గురు ఆడవాళ్లు శనగలు ఏరుతున్నారు. మూలన వెదురుగంపలో ఒక ఎర్రపెట్ట పొదుగుతోంది. నేను పోయి నిలబడి, అంతా చెప్పాను. నీళ్ల వేడి నేను చూడలేదని, చూశానని అబద్ధం ఆడానని, అవ్వ వేళ్లు పొక్కిపోయాయని, ఆయమ్మ తప్పు ఆవగింజంత లేదని. వాళ్లు చేతులు ఆపి విన్నారు. పెద్దామె జాలిగా తల ఊపింది.

"మంచోడివప్పా శెట్టీ. ఆయమ్మను చూసి కడుపు తరుక్కపోయి నీ నెత్తికేసుకుంటాండావు."

"లేదమ్మా, నిజం. ఒట్టు."

"సర్లేప్పా. అంతకాలం నాటిది, ఇప్పుడు ఎందుకులే."

ఆ మాట మీదే అక్క వచ్చింది. నా వెనకే వచ్చి, లోపలికి కాదు, వసారా మెట్టు కింద నిలబడింది. ఆ ముగ్గురిలో చిన్నది ఆ ఇంటి చిన్నకోడలు, పద్దెనిమిదేళ్లు ఉండవు. అవ్వ పోయేనాటికి పుట్టి కూడా ఉండదు. ఆ పిల్ల శనగల చేట దించి, లేచి, తీగ మీద ఆరేసిన పాత చీర లాగి, ఎర్రపెట్ట కూర్చున్న గంప మీద కప్పింది. ఎవరూ చెప్పలేదు. కోపం లేదు, వెక్కిరింత లేదు. వాన పడబోతుంటే వడియాలు తీసినట్టు చేసి, మళ్లీ కూర్చొని శనగలు ఏరుకుంది.

అక్క నా వైపు చూసింది.

"చూసినావు గదా" అంది. "ఇంగ పో అబ్బీ. నాలుగు గంటల బస్సు పోతాది."

నేను వెళ్లి బస్సెక్కాను. అదే నేను చేసిన రెండో తప్పు. ఒకసారి చెప్పేశాను కదా, నా వంతు అయిపోయింది అనుకున్నాను. ఆ రోజు ఆగి ఉండాల్సింది. మరుసటి రోజు ఇంకో గడపకు, ఆ మరుసటి రోజు ఇంకో గడపకు పోయి, నమ్మేదాకా చెప్పి ఉండాల్సింది. ఆ పిల్లకు ఆ చీర కప్పడం నేర్పిన వాళ్లు ఒక్క రోజులో నేర్పలేదు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. చల్లగాలికి నంద్యాల దాకా నిద్రపోయాను.